గడియ తీసి పెట్టిన ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంటి వాకిలికి మూడు గడియలుండేవి. ఒకటి ఇల్లు కట్టినవాళ్ళు పెట్టింది, రెండోది మాకు ముందు కాపురమున్నవాళ్ళు పెట్టింది, మూడోది మా అమ్మ పట్టుబట్టి పెట్టించింది. ఫర్వానియాలో నాలుగంతస్తుల భవనం, అందులో రెండో అంతస్తు, రెండే గదులు. జులై నెలలో కువైట్‌లో పిల్లలను పగలు బయటికి పంపేవాళ్ళు ఎవరూ ఉండరు. కిటికీ అద్దాలకు ఎండ పడకుండా వెండి కాగితం అంటించి ఉండేది కాబట్టి లోపల కూర్చుంటే ఏ వేళో కూడా తెలిసేది కాదు. ఏసీ ఒక్కటే రోజంతా గొణుగుతూ ఉండేది. "పెద్దమ్మా, నీకు బోరు కొట్టేది కాదా?" అని మా బిల్డింగు పిల్లలు ఇప్పుడు నన్ను అడుగుతారు. కొట్టక ఏం చేస్తుంది! గోడ మీది బీటలకు పేర్లు పెట్టుకుని, వాటితో కబుర్లు చెప్పుకున్నదాన్ని నేను.

మా నాయన అల్ రాయ్‌లో ఒక కార్ల షెడ్డులో హెడ్ మెకానిక్కు. మాది రాజంపేట పక్కన పల్లె. ఆయనది పెద్ద గొంతు. పని నుంచి వస్తూ మెట్ల మొదట్లోనే, "పాపా, వాకిలి తీయ్!" అని ఒక్క కేక పెట్టేవాడు. ఆయన రెండంతస్తులు ఎక్కేలోపు నేను మూడు గడియలూ తీయాలి. అది మా ఇద్దరి పందెం. నేను గెలిచిన రోజు ఆయన జేబులో ఖర్జూరం ఉండేది, ఓడిన రోజు కూడా ఉండేదనుకోండి.

ఆయన పాస్‌పోర్టు మాత్రం ఆయన దగ్గర ఉండేది కాదు. ఆ రోజుల్లో మాకు తెలిసిన అందరిదీ అదే వరస. వీసాకు పూచీపడ్డ యజమాని, అంటే కఫీల్, తన ఆఫీసు ఇనప్పెట్టెలో పెట్టుకునేవాడు. మా కఫీల్ చెడ్డవాడేమీ కాదు, పండక్కి నాకు గౌను కూడా కొనిపెట్టాడు. కానీ ఎండలు ముదరగానే పెళ్ళాం పిల్లలతో విదేశాలకు పోయేవాడు, ఇనప్పెట్టె తాళంచెవి ఆయన జేబులోనే పోయేది.

సరిగ్గా ఆ ఎండల్లోనే ఊళ్ళో మా జేజి చనిపోయింది. జేజి అంటే మా నాయన తల్లి. చిన్నాయన ఫోన్ చేసి చెప్పాడు. నాయన చొక్కా గుండీలు పెట్టుకోకుండానే షెడ్డుకు పరిగెత్తాడు. అక్కడ కాగితాల పనులు చూసే మందూబ్ ముందు "బుక్రా" అన్నాడు, అంటే రేపు చూద్దామని. సాయంత్రానికి అతనే తేల్చేశాడు. తాళంచెవి లేదు, అర్బాబ్, అంటే యజమాని, తిరిగొచ్చేది ఇరవై రోజులకు, ఖలాస్. ఊళ్ళో శవాన్ని ఇరవై రోజులు ఉంచుతారా? మరునాడు పొద్దున చిన్నాయనే తలకొరివి పెట్టాడు. పెద్దకొడుకు చేతిమీదుగానే పోవాలని జేజి ఉత్తరం రాయించిన ప్రతిసారీ రాయించేది. మా ఇంట్లో ఆ మాట తెలియనివాళ్ళు లేరు.

ఆ మధ్యాహ్నం నుంచే పరామర్శకు జనం వచ్చారు. అల్ రాయ్ షెడ్లలో పనిచేసే మన వైపు వాళ్ళు ఐదారుగురు, పక్క బిల్డింగు వాళ్ళు ఇద్దరు. మనవాళ్ళ పరామర్శ మీకు తెలిసిందే. చెప్పులు విప్పకముందే మొదలవుతుంది. "ఊరుకో అన్నా, పెద్దామె, పండు రాలినట్టు రాలిపాయె." "మగోడివి, ఏడ్చాకు." "అందరం పోయేవాళ్ళమే కదా!" ఒకాయనైతే తన తండ్రి పోయినప్పుడు తనకు టికెట్టు ఎలా దొరికిందో అరగంట చెప్పాడు. అందరూ మంచివాళ్ళే, అందరివీ ప్రేమ మాటలే. మా నాయన మాత్రం ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అంగుళం కుంచించుకుపోతున్నట్టు నాకు కనిపించింది.

అప్పుడు నేను నోరు తెరిచాను. పదేళ్ళదాన్ని. నాయనను నేనూ ఓదార్చాలనుకున్నాను. పెద్దవాళ్ళలాగా చెయ్యి తిప్పుతూ, "చిన్నాయన కొరివి పెట్టేసినాడంట కదా నాయనా, అంతా అయిపోయింది కదా, ఇంకెందుకు ఏడుస్తావు?" అన్నాను.

నాయన నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది. లేచి, పడకగదిలోకి పోయి, తలుపు వేసుకున్నాడు. లోపల గడియ పడిన చప్పుడు నాకు ఈ రోజుకీ గుర్తుంది. "నోరా వీపుకు తేకే అని ఊరికే అన్లేదే నిన్ను!" అని అమ్మ నా వీపు మీద ఒక్కటేసింది. ఆ దెబ్బ నొప్పి అనిపించలేదు. ఆ తలుపు వేసింది నేనే అన్నది మాత్రం లోపలికి దిగింది.

ఆ గదిలోనే స్నానాలగది ఉండటం వల్ల ఆయన బయటికి రావలసిన అవసరం లేకపోయింది. మొదటి రోజు గడిచింది, రెండో రోజూ గడిచింది. అమ్మ కాలు కాలిన పిల్లిలా హాలుకూ వంటింటికీ తిరిగేది. అన్నం కంచం తలుపు ముందు పెట్టేది, అది ఎండిపోయాక తీసేది. పిలిస్తే "ఊఁ" అనేవాడు, అంతే. బతికున్నాడని తెలియడానికే ఆమె పిలిచేదని తర్వాత నాకు అర్థమైంది. మూడో రోజు పొద్దున అమ్మ ఆయన పనిముట్ల పెట్టెలోంచి స్క్రూడ్రైవర్ తీసి, తలుపు బందుల వైపు చూసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. నేను తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాను. దేశం నుంచి పోనివ్వరు, ఎండ ఇంట్లోంచి పోనివ్వదు, ఆయన గదిలోంచి రాడు. నాకు ఊపిరాడనట్టు ఉండేది. దేవుడా, నా నోరు పడిపోయినా సరే, ఆ తలుపు తెరిపించు అని మొక్కుకున్నాను.

ఆ మధ్యాహ్నం పైఇంటి ఆంటీ దిగి వచ్చింది. ఆమె బొంబాయి మనిషి, ఒక క్లినిక్కులో నర్సు, ఒంటరిగా మూడో అంతస్తులో ఉండేది. చీర మనలాగే కట్టేది, మాతో హిందీలో మాట్లాడేది. పేరును బట్టి ఆమెను అందరూ క్రిస్టియన్ అనుకునేవాళ్ళు. కానీ శుక్రవారం మా బిల్డింగు క్రిస్టియన్లు చర్చికి పోతుంటే ఈమె పోయేది కాదు. ఒక గురువారం గోంగూర పచ్చడి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు వంటింట్లో బల్ల మీద రెండు కొవ్వొత్తులు సిద్ధంగా పెట్టి ఉండటం చూశాను. ఎందుకని అడిగితే, రేపు కరెంటు పోతుందేమోనని చెప్పి నవ్వింది. కువైట్‌లో కరెంటు పోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఆమె చేతిలో గిన్నె ఉంది. అందులో ఉడికించిన గుడ్లు. అమ్మ బిక్కచచ్చిపోయి, "మైలలో గుడ్డా!" అంది. ఆంటీకి సంగతి తెలిసి, సిగ్గుపడి, గుండ్రంగా ఉండేది ఇంకేదైనా ఉంటే చాలంది. వాళ్ళలో మనిషి పోయిన ఇంటికి మొదటి తిండి ఇరుగుపొరుగే తేవాలట, అది గుండ్రంగా ఉండాలట, బతుకు తిరుగుతూ ఉంటుందని గుర్తుకు. ఆమే పైకి పోయి శనగలు ఉడికించి తెచ్చింది. శనగలకు మైల లేదని అమ్మ ఒప్పుకుంది.

తర్వాత ఆమె చేసిన పనులు ఒక్కటీ నాకు అర్థం కాలేదు. హాల్లో ఉన్న పెద్ద అద్దానికి దుప్పటి కప్పింది. కుర్చీలన్నీ గోడకు జరిపింది. వీధి వాకిలి దగ్గరికి పోయి మూడు గడియలూ తీసి, తలుపు బార్లా తెరిచి, అడ్డంగా నా స్కూలు సంచి పెట్టింది. చల్లదనమంతా మెట్ల మీదికి పోతోందని అమ్మ గోల పెట్టింది. దుఃఖమున్న ఇంటికి వచ్చేవాళ్ళు తలుపు తట్టకూడదని, ఆ ఇంటివాళ్ళు లేచి తలుపు తీయకూడదని మాత్రం ఆంటీ చెప్పింది. చెప్పి, పడకగది తలుపుకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

కూర్చుంది, అంతే. ఒక్క మాట లేదు. నేను ఏదో అడగబోతే వేలు పెదవుల మీద పెట్టుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. దుఃఖంలో ఉన్న మనిషి ముందుగా మాట్లాడాలి, అప్పటిదాకా వచ్చినవాళ్ళు మాట్లాడకూడదు, అది వాళ్ళ పద్ధతి అని నా చెవిలో చెప్పింది. నాకా, నోట్లో నువ్వుగింజ నానదు! ఆ సాయంత్రం నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

నాలుగింటికి అల్ రాయ్ నుంచి మనవాళ్ళు నలుగురు వచ్చారు. "ఏమప్పా, వాకిలి తీసి పెట్టినారు?" అని అరుస్తూ ఎక్కినవాళ్ళు, లోపల ముగ్గురు ఆడవాళ్ళు నేల మీద మౌనంగా కూర్చుని ఉండటం చూసి, ఏదో పూజ అనుకుని గబగబా చెప్పులు విప్పి కూర్చున్నారు. ఆంటీ సైగకు వాళ్ళూ నోళ్ళు మూసుకున్నారు. మా బిల్డింగు కాపలాదారు, హారిస్ అనేవాళ్ళం, ఈజిప్టు ముసలాయన. తలుపు ఎందుకు తెరిచి ఉందని కేకలేయడానికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూశాడు, గిన్నెలో శనగలు చూశాడు, మూసిన పడకగది చూశాడు. తల ఊపి, ఆయనా గోడకు చేరగిలి కూర్చున్నాడు.

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. లోపల మా నాయన ముందు మా ఏడుపులకూ పిలుపులకూ అలవాటుపడి ఉంటాడు. ఇంతమంది అడుగుల చప్పుడు విని, ఒక్క మాట కూడా వినపడకపోయేసరికి ఆయనకు ఏమనిపించిందో మరి. లోపల మంచం కిర్రుమంది. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. అమ్మ నా చెయ్యి నలిపేస్తోంది. గడియ తీసిన చప్పుడైంది.

మూడు రోజుల గడ్డంతో, పీక్కుపోయిన కళ్ళతో నాయన నిలబడ్డాడు. ఇంతమందీ నేల మీద కూర్చుని ఉన్నారు, ఎవ్వరూ ఊరుకో అనలేదు, ఎవ్వరూ లేవలేదు. ఆయన ఒక్కొక్కరినీ చూస్తూ, మెల్లగా వచ్చి, అందరిలాగే నేల మీద కూర్చున్నాడు. శనగల గిన్నె ఆయన ముందుకు జరిపింది ఆంటీ. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ చాలాసేపు చూశాడు.

"మాయమ్మకు సంగటి ముద్ద గుండ్రంగా వచ్చేది కాదు," అన్నాడు. "ఎంత తిప్పినా వంకరే. మా నాయన దినామూ ఎగతాళి చేసేవాడు. వంకర ముద్దయితే కంచంలో దొర్లి పోదు కదా అని తగులుకునేది ఆమె."

అని నవ్వాడు. నవ్వుతూనే భోరుమన్నాడు. అంత పెద్ద గొంతు మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఒక్కరూ ఆపలేదు. జేజి గురించి ఆ సాయంత్రమంతా ఆయన చెబుతూనే ఉన్నాడు, తింటూనే ఉన్నాడు. నేను పాకుతూ పోయి ఆయన మోకాలి దగ్గర కూర్చున్నాను. తప్పయిందని చెప్పడానికి మాత్రం ఇంత వాగుడుకాయకూ నోరు రాలేదు. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు చెప్పింది నిజమేలే పాపా. వాడు కొరివి పెట్టినాడు. నేను ఇదో, కూచున్నా. ఇదీ ఒక పనే," అన్నాడు.

వార్త విన్న రోజు నుంచి ఏడు రోజులని ఆంటీ లెక్క. మిగిలిన మూడు రోజులూ మా వాకిలి పగలంతా తెరిచే ఉంది. ఏడో రోజు ఆమె వచ్చి నాయనను లేపి, చెప్పులు వేసుకోమంది. ఎక్కడికని అడిగాడు. ఎక్కడికీ కాదు, బిల్డింగు చుట్టూ ఒక్క చుట్టు నడిచి రావాలి, లోకంలోకి తిరిగి వచ్చినట్టు. ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో నాయన, అమ్మ, నేను, ఆంటీ నడిచాం. మూల మీది బకాలా కొట్టువాడు మాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటాడు. ఇనప్పెట్టె తెరుచుకోలేదు, విమానమెక్కడం ఇంకా మా చేతుల్లో లేదు. కానీ వారం తర్వాత నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నది ఆ సెగగాలిలోనే.

మెట్లెక్కేటప్పుడు అమ్మ అడిగింది, ఇది మీ చర్చి పద్ధతా అని. ఆంటీ మెట్ల మీదే ఆగిపోయింది. తర్వాత ఇంట్లోకి వచ్చి, మొదటిసారి తనే మా తలుపు వేసి, తాము యూదులమని చెప్పింది. ఎన్నో తరాలుగా కొంకణంలో ఉన్నవాళ్ళు. ఇక్కడ ఆ మాట తెలిస్తే ఉద్యోగం పోతుందో, ఇంకేమవుతుందో ఆమెకే తెలియదు. మూడేళ్ళ కిందట బొంబాయిలో ఆమె తండ్రి పోయాడు. అప్పుడు ఆమె పాస్‌పోర్టూ ఒక ఇనప్పెట్టెలోనే ఉంది. ప్రార్థన మందిరం లేదు, తనవాళ్ళు ఒక్కరు లేరు. తండ్రి పేరిట చదివే ప్రార్థనకు తమవాళ్ళు పదిమంది కావాలి. డ్యూటీ నుంచి వచ్చి ఏడు రోజులూ ఒక్కతే నేల మీద కూర్చుందట, గడియ వేసుకుని. ఆ ప్రార్థన ఇప్పటిదాకా చదవనేలేదట. "నేను ఆ వాకిలి తెరిచి పెట్టలేకపోయాను భాయ్. ఆ ఏడు రోజులు అయిపోయినట్టే లేవు నాకు," అని మా నాయనతో అంది. ఆమె పోయాక నాయన నన్ను పిలిచి, "ఈ మాట గోడకు గూడా చెప్పాకు," అన్నాడు. మా గోడల బీటలకు కూడా చెప్పలేదు నేను. ఆమె పేరు ఇప్పటికీ చెప్పను.

చలికాలం వచ్చింది. నాయన పాస్‌పోర్టు చేతికొచ్చి ఊరికి పోయివచ్చాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన అల్ రాయ్ నుంచి తొమ్మిది మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. నర్సమ్మ నాయన సంవత్సరీకం, పోయి కూచోవాల, ఆమె మాట్లాడేదాకా మాట్లాడాకండి, అని మాత్రం వాళ్ళకు చెప్పాడట. సంవత్సరీకం ఏమిటో కడప మనిషికి వివరించాలా? గ్రీజు పోయేదాకా చేతులు తోముకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని వచ్చారు. వాళ్ళ వెనకాలే నేనూ ఎక్కాను. మూడో అంతస్తులో తలుపు తీసిన ఆంటీ, పదిమందిని చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

అందరూ నేల మీద కూర్చున్నారు. ఆమె వేలితో లెక్కపెట్టింది. మా లెక్కలో మీరెవ్వరూ రారు భాయ్, పాత పద్ధతి ప్రకారం ఆడదాన్ని, నేను కూడా రాను, అని నవ్వింది. ఆ నవ్వు పూర్తి కాకుండానే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. కొవ్వొత్తి వెలిగించింది. ప్రార్థన రాసిన కాగితం చేతిలోకి తీసుకుని, ఏదో గుర్తొచ్చినట్టు లేచి పోయి, తన వాకిలి గడియ తీసి, బార్లా తెరిచింది. మా నాయన వద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె వినలేదు.

చదవడం మొదలుపెట్టింది. ముందు గొణుగుడు, తర్వాత గొంతు లేచింది. అంతలో మెట్ల మీద అడుగులు వినిపించాయి. హారిస్ ముసలాయన, చేతిలో చీపురుతో గుమ్మంలో నిలబడ్డాడు. ఆ మాటలు మాకు తెలియవు గానీ, ఆయన అరబ్బీకి దూరపు చుట్టాల్లాంటివని ఆయన ముఖం చూస్తేనే తెలిసింది. ఆంటీ గొంతు ఆగిపోయింది. మా నాయన లేచి నిలబడ్డాడు. ముసలాయన చీపురు గోడకు ఆనించి, చెప్పులు విప్పి, మా ఇంట్లో కూర్చున్నట్టే గోడకు చేరగిలి కూర్చున్నాడు. కానివ్వమన్నట్టు తలాడించాడు.

ఆమె చివరిదాకా చదివింది. ముసలాయనే అన్నాడు, "ఆమీన్" అని. ఆ రోజు తర్వాత ఆయన దాని గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆంటీ కొన్నేళ్ళకు బొంబాయి వెళ్ళిపోయింది. నేను ఇక్కడే పెరిగి, పెళ్ళై, అహ్మదిలో కాపురం పెట్టాను. ఫర్వానియా గదుల్లో మనవాళ్ళు ఎవరికైనా ఊళ్ళో తల్లో తండ్రో పోయారని తెలిస్తే శనగలు ఉడికించుకుని పోతాను, గడియ తీసి, నేల మీద కూర్చుంటాను. ఇంత వాగుడుకాయను, అక్కడ మాత్రం ముందుగా నోరు తెరవను.

ఆ మధ్య కరోనా వచ్చి విమానాలు ఆగిపోయిన రోజుల్లో, పని మానుకుని ఊరు చేరిన మా నాయన అక్కడ పోయాడు. పాస్‌పోర్టు నా బీరువాలోనే ఉంది, పోవడానికి దారి లేదు. ఎవరి ఇంటికీ ఎవరూ రాకూడని రోజులవి. అయినా అద్దానికి దుప్పటి కప్పి, వాకిలి బార్లా తెరిచి, నేల మీద కూర్చున్నాను. ఎవరొస్తారులే అనుకున్నాను. కాసేపటికి ఎదురింటి మలయాళీ టీచరమ్మ తన తలుపు తీసింది. నన్ను చూసింది. మూతికి గుడ్డ కట్టుకుని, తన గుమ్మం లోపలే, నాకు ఎదురుగా నేల మీద కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు. ఆమెకు ఆ పద్ధతి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

చాలాసేపటికి నేనే నోరు తెరిచాను. "మా నాయన మెట్ల కిందినుంచే అరిచేవాడు," అన్నాను, "పాపా, వాకిలి తీయ్, అని."